నిప్పు పుట్టిన మొదటి పది నిమిషములు

ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా హిందూపురమునకు పోవు రైలుమార్గము మన విద్యార్థులలో పెక్కుమందికి ఇంటిదారి. ఈ ప్రాంతమున రెండేండ్లలోపల రెండు ఘోరమైన రైలు ప్రమాదములు సంభవించినవి. 2012 వ సంవత్సరము మే నెల 22 వ తేదీ తెల్లవారుజామున, హుబ్బళ్ళినుండి బెంగుళూరునకు పోవుచున్న హంపీ ఎక్స్‌ప్రెస్సు పెనుకొండ స్టేషనునందు నిలిచియున్న గూడ్సుబండిని వెనుకనుండి ఢీకొనెను. పెట్టెలు పట్టాలు తప్పెను. ఒక పెట్టెకు నిప్పంటుకొనెను. 25 మంది ప్రాణములు కోల్పోయిరి. 2013 వ సంవత్సరము డిసెంబరు 28 వ తేదీన, అదియును తెల్లవారకమునుపే, బెంగుళూరునుండి నాందేడునకు పోవు ఎక్స్‌ప్రెస్సులోని ఒక ఎయిర్‌కండిషన్డు పెట్టె కొత్తచెరువు సమీపమున మండిపోయెను. 26 మంది మరణించిరి. వారిలో పసివారును ఉండిరి. మండుచున్న పెట్టెను తక్కిన పెట్టెలనుండి విడదీయుటచేత మిగిలిన బండి దక్కినది.

ఈ రెండును మనుష్యులు గాఢనిద్రలోనుండు వేళ జరిగినవి. నిప్పు ఎట్లు పుట్టినదో విచారించి తేల్చుట రైల్వే భద్రతాధికారుల పని. మేము ఇచ్చట తలపెట్టిన విషయము వేఱు. ఫైరింజను ఎంత త్వరితముగ బయలుదేరినను దారి దారియే. హిందూపురమునుండి పెనుకొండకు 30 కిలోమీటర్లకు పైగా నుండును. పల్లెలకు పోవు బాటలు ఇరుకైనవి. నడుమ రైల్వేగేటు పడియుండవచ్చును, సంతబండ్లు అడ్డముగా నుండవచ్చును. నిప్పు ఎవరికొఱకును ఆగదు. అది పుట్టిన క్షణమునకును ఫైరింజను చేరు క్షణమునకును నడుమనుండు కాలము అచ్చట నున్న మనవంటివారిది. ఆ కాలమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునవే అగ్నిమాపక దళమువారు తమ నూతన భటులకు నేర్పు మొదటి పాఠములు. వానిని మన పాఠశాలకును, మన యూళ్లకును తగినంతమట్టుకు ఎత్తి వ్రాయుచున్నాము.

నిప్పునార్పుటకు శిక్షణ పొందిన దళములు ఉండవలెనను ఆలోచన నేటిది కాదు. క్రీస్తుశకము 6 వ సంవత్సరమున అగస్టస్ చక్రవర్తి రోమునగరమున రాత్రివేళ తిరుగుచు నిప్పును కనిపెట్టియుండు కావలిదళమును స్థాపించెను. ఇటీవలి కాలపు పద్ధతికి మార్గదర్శి జేమ్సు బ్రెయిడ్‌వుడ్ అనునతడు. 1824 లో ఎడింబరోనగరమున పురపాలకసంఘమువారి అగ్నిమాపక దళమునకు ఇతడు నాయకుడాయెను. అంతవరకు నిప్పునార్పువారు వీధిలో నిలిచి దొరికినచోటికెల్ల నీరు చిమ్ముచుండిరి. బ్రెయిడ్‌వుడ్ తన మనుష్యులకు లోపలికి పోయి, మంట యొక్క మొదలు ఎచ్చటనున్నదో కనిపెట్టి, దానిమీదనే నీరు పోయుట నేర్పెను. ఫైరింజనుల నిర్మాణమును గూర్చియు, భటుల శిక్షణమును గూర్చియు 1830 లో గ్రంథము ప్రకటించెను. పిమ్మట లండనునగరపు దళమునకు నాయకుడై, 1861 జూన్ 22 వ తేదీన టూలీవీధిలోని గిడ్డంగుల మంటల నార్పించుచుండగా గోడ కూలి మీదపడి మరణించెను. ఆనాటి నుండి నేటివరకు ప్రతి శిక్షణశాలయందును చెప్పెడు మాట యొకటి కలదు: మంట తగిలిన గోడకు దాని యెత్తుకంటె దూరముగా నిలువుము.

మన దేశమునకు సంబంధించిన జ్ఞాపకదినము ఏప్రిల్ 14. 1944 లో ఆ దినమున బొంబాయి విక్టోరియా డాకునందు నిలిచిన ఫోర్టు స్టికీన్ అను ఓడలో మంట పుట్టెను. ఆ ఓడలో ప్రత్తిబేళ్లును, ప్రేలుడు సామగ్రియు ఒకచోటనే యుండెను. నిప్పునార్పుటకు పోయిన దళమువారు ఓడ ప్రేలినప్పుడు అరువదిమందికి పైగా మరణించిరి. వారిని తలంచుకొనుటకై ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారము జరుపుదురు. ఆ వారమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము కేంద్రములవారిని మన పాఠశాలకు పిలిచి వారి పనిముట్లను కన్నులార చూచుట, ఈ వ్యాసమును పదిమారులు చదువుటకంటె మేలని మా యభిప్రాయము.

ఇక దళము యొక్క ఏర్పాటు. ఒక కేంద్రమునకు స్టేషను ఫైర్ ఆఫీసరు పెద్ద. అతని క్రింద లీడింగు ఫైర్‌మన్లు, బండి నడుపుచు పంపునుగూడ నడుపు డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్లు నుందురు. బండి ఎక్కినప్పుడు ప్రతి మనిషికిని ఒక నంబరు, ప్రతి నంబరునకు ఒక పని. హోసుగొట్టము చుట్టను విప్పి పరచువాడొకడు, నాజిల్ పట్టువాడొకడు, పంపునొద్ద నుండువాడొకడు, నిచ్చెన చూచువాడొకడు. ఇది చూచువారికి ఆటవలె కనబడవచ్చును. అయితే చీకటిలో, పొగలో, జనము కేకలు వేయుచుండగా, “నేనేమి చేయుదును?” అని యొకడు అడుగుటకును, మఱియొకడు ఉత్తరము చెప్పుటకును తీరిక యెక్కడిది? అందుచేతనే ఆ ప్రశ్నకు ఉత్తరము ముందుగా డ్రిల్లునందే చెప్పబడును. ఒకే డ్రిల్లును నూరుమారులు చేయించుటలోని రహస్యమిదియే. ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే యుండవలెను. పల్లెలో వామి కాలుచుండగా పదిమంది పెద్దలు పది విధములుగా చెప్పుటయు, కడవలు ఒకదానికొకటి తగిలి పగులుటయు మనమందరము ఎఱిగినదే.

మంటకు మూడు వస్తువులు కావలెను. కాలు పదార్థము, వేడిమి, గాలిలోని ప్రాణవాయువు. గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లు. అది 16 పాళ్లకు తగ్గినచో సామాన్యమైన మంట నిలువజాలదు. వెలుగుచున్న క్రొవ్వువత్తిపై గాజుగ్లాసు బోర్లించి చూచిన బాలుడు ఈ పాఠములో సగము నేర్చినట్లే. నీరు వేడిమిని హరించును. దుప్పటియు ఇసుకయు గాలిని అడ్డగించును. గడ్డిని ప్రక్కకు లాగివేయుట పదార్థమును తొలగించుట. ఏ మంటకు ఏది తగునో తెలియుట అసలు విద్య. కఱ్ఱ, బట్ట, కాగితము మొదలైనవానికి నీరు మంచిది. కిరసనాయిలు, పెట్రోలు నీటిపై తేలి మంటను నలుదెసలకు మోసికొనిపోవును. వానికి ఇసుకయో, నురుగో, పొడియో కావలెను. కాగిన నూనెమూకుడులో మంట లేచినప్పుడు నీరు పోయుటకంటె ప్రమాదకరమైన పని లేదు. ఒక లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 1,700 లీటర్ల చోటు ఆక్రమించును. ఆ ఆవిరి మండుచున్న నూనెను పైకప్పువరకు విరజిమ్మును. పొయ్యి నార్పి, మూకుడుపై వెడల్పైన మూత జార్చి, చల్లారువరకు తీయకుండుటయే ఉపాయము. కరెంటు మంటయైనచో మొదట మెయిన్ స్విచ్చి తీయవలెను. స్విచ్చి తీయకమునుపు నీటికడవ ముట్టుకొనరాదు.

మన మూడు పట్టణములకు మూడు విధములైన భయములు కలవు. ధర్మవరము పట్టుచీరలకు పేరు. చేనేతయిండ్లలో మగ్గమును, పడుగును, జకార్డు అట్టలును, పడకయు, వంటయు తఱచుగా ఒకే కప్పుక్రింద నుండును. పట్టు త్వరగా అంటుకొనదు. పోగును వెలిగించి చూచి, జుట్టు కాలిన వాసన వచ్చినచో నిజమైన పట్టని నేతవారు నిర్ణయించుట విద్యార్థులు చూచియే యుందురు. అయితే పట్టు, ఉన్ని వంటి జంతుసంబంధమైన నూలు పెద్దమంటలో చిక్కి కాలినప్పుడు హైడ్రోజన్ సయనైడు అను విషవాయువు పుట్టును. అట్టలును కఱ్ఱయు రాజవేసిన మంటలో పట్టుకట్టలు పడినచో ఆ గదిలోని పొగ నాలుగు ఊపిరులకే మనిషిని పడవేయగలదు. పట్టు విలువైనది, అప్పుచేసి తెచ్చినది, నెలల కష్టము. దానికై తిరిగి లోపలికి పోవువారు ఉందురు. వారిని చేయిపట్టి ఆపుట ప్రక్కనున్నవారి ధర్మము. మగ్గపుగుంట ప్రక్కగా వాకిటివరకు మనిషి పట్టునంత దారి ఎల్లప్పుడు ఖాళీగా నుంచిన చాలును, ఈ భయములో సగము తీరును.

హిందూపురము బెల్లము, చింతపండు, మిరపకాయల వ్యాపారమునకు ప్రసిద్ధి. మిరపకాయలు కాలిన పొగ యెట్లుండునో మన వంటింటిలో నొక్కకాయ నిప్పులో పడినప్పుడు తెలియుచున్నది. గిడ్డంగినిండ బస్తాలు కాలినచో శ్వాసయంత్రము లేనివాడు తలుపునొద్దకైనను పోజాలడు. ఇట్టిచోట ఊరివారు చేయదగినది చుట్టుప్రక్కల కట్టడములను తడుపుటయు, జనమును గాలి వీచు దిక్కునుండి తొలగించుటయు మాత్రమే. బస్తాలను గోడలకు ఆనించి కప్పువరకు పేర్చుట మఱియొక ప్రమాదము. తడిసి ఉబ్బినప్పుడును, క్రింది వరుస కాలినప్పుడును ఆ వరుసలు కూలి మీదపడును.

పెనుకొండ సంగతి చెప్పనక్కఱలేదు. ఎండకాలమున కొండమీది బోద ఎండి, ఒక్క బీడీముక్కకు అంటుకొనును. మంట ఎగువకు పోవు వేగము సమతలమున పోవు వేగముకంటె చాల హెచ్చు. ఏటవాలు పది డిగ్రీలు పెరిగిన కొలది వేగము సుమారు రెట్టింపగునని అడవి మంటల నార్పువారు లెక్క చెప్పుదురు. కావున మంటకు పైనున్న వాలులో నిలిచి దానిని చూచుచుండుట మూర్ఖత. ప్రక్కనుండి, కాలిపోయిన నేలమీదుగా చేరి, కానుగ, వేప మొదలగు పచ్చికొమ్మలతో అంచును అణచుచు రావలెను. కొట్టుట అనిన పైకెత్తి బాదుట కాదు. అట్లు చేసినచో నిప్పురవలు ఎగిరి క్రొత్తచోట రాజుకొనును. కొమ్మను మంటపై నొక్కిపట్టి ఈడ్వవలెను. ముందుగా గడ్డి చెక్కి వెడల్పైన దారి తీసియుంచినచో మంట అచ్చట ఆగును.

పల్లెలలో వేరుశనగ వామియు, బోదకొట్టమును, పశువుల పాకయు ఒకదాని ప్రక్క నొకటి యుండుట మన సీమ వాడుక. వామి పైన నీరు పోసినను లోపల నిప్పు దినములతరబడి దాగియుండును. పంగలకఱ్ఱతో వామిని విప్పి, పొరపొరగా పరచి తడపవలెను. పశువుల పలుపులు మొట్టమొదట విప్పవలెను. కత్తితో కోయుట త్వరితము.

ఇక ప్రాణరక్షణ. ఈ భాగమును విద్యార్థులు మఱింత శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాము. నిప్పు ప్రమాదములలో మంటకంటె పొగచేత చచ్చువారే యెక్కువ. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమునకు ప్రాణవాయువుతోగల పొందికకంటె ఈ వాయువుతోగల పొందిక రెండువందల రెట్లకు మించినది. అందుచే రక్తము మంచిగాలిని విడిచి దీనిని పట్టుకొనును. మనిషికి మొదట తలనొప్పి, తరువాత మైకము, పిమ్మట కాలు కదలమి. నిద్రలోనున్నవానికి ముక్కును నిద్రించును. పొగవాసన తన్ను లేపునని నమ్మరాదు. తెల్లవారుజామున మూసియున్న రైలుపెట్టెలో నిప్పు పుట్టినచో అది ఇంత ఘోరముగా నుండుటకు కారణమిదియే.

వేడిపొగ పైకి పోయి కప్పుక్రింద నిండును. నిలిచియున్నవాని తలకు తాకు గాలి ప్రాణాంతకముగా నున్నప్పుడును నేలకు జానెడెత్తున గాలి కొంత చల్లగను, శుభ్రముగను ఉండును. కావున పొగలో నడువరాదు, మోచేతులమీద ప్రాకవలెను. గోడను చేతివెనుక భాగముతో తడవుకొనుచు పోయినచో త్రోవ తప్పదు. మూసిన తలుపును తెఱచుటకుముందు దానిని చేతివెనుక భాగముతో తాకి చూడవలెను. వేడిగా నున్నచో ఆవల మంట యున్నది, తెఱువరాదు. తప్పించుకొని వచ్చునప్పుడు వెనుక తలుపును మూసికొని రావలెను, ఏలయన మూసిన తలుపు నిప్పును చాలసేపు ఆపును. బయటికి దారిలేక చిక్కినచో తలుపుసందులలో తడిబట్ట కూరి, కిటికీయొద్ద చేరి కేక వేయవలెను.

బట్టలు అంటుకొన్నవాడు పరుగెత్తినచో గాలి మంటను పెంచును. నిలువుము, పడుము, దొరలుము అని దళమువారు పిల్లలకు పాడించి నేర్పుదురు. ప్రక్కనున్నవారు కంబళియో గోనెసంచియో చుట్టవలెను. నైలాను దుప్పటి పనికిరాదు, అది కరగి ఒంటికి అంటుకొనును. కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. సిరా, పసుపు, పండ్లపొడి, వెన్న ఇవేవియు పూయరాదు. మన పెద్దలు ఆప్యాయముచేత ఇవి చేయుదురు. వారికి మెల్లగా నచ్చచెప్పవలసినది చదువుకొన్న పిల్లలే.

దళమువారు తమ్ము తాము కాపాడుకొను పద్ధతియు తెలియదగినది. పొగలోనికి ఎవ్వరును ఒంటరిగా పోరాదు. ఇద్దరు కలసి పోవలెను. వీపున మోయు శ్వాసయంత్రములోని గాలి సుమారు అరగంటకు సరిపోవును. లోపలికి పోవువాడు తన పేరు గల బిళ్లను బయట బోర్డునొద్ద నున్న మనిషికిచ్చిపోవును. ఆ మనిషి ఎవడు ఏ వేళకు లోపలికి పోయెనో, ఎంత గాలితో పోయెనో వ్రాసికొని, ఎప్పటికి తిరిగి రావలెనో లెక్కకట్టును. గాలి తగ్గినప్పుడు యంత్రమే ఈల వేయును. ఆ ఈల వినబడినపిమ్మట పని ఎంత ముఖ్యమైనదైనను విడిచి రావలెను. బయట కూర్చుండి బిళ్లలు లెక్కించువాని పనిని గొప్పదిగా ఎవ్వరును కొనియాడరు. కాని తిరిగి వచ్చినవాడు ప్రతివాడును వానికి ఋణపడియున్నాడు.

ఇప్పుడు వార్త పంపుటను గూర్చి. మా యెంచిక ప్రకారము ఇదియే మన పల్లెలలో మిక్కిలి బలహీనమైన భాగము. నిప్పు చూచినవాడు మొదట ఆర్పుటకు పరుగెత్తును, లొంగనిచో అప్పుడు టెలిఫోను వెదకును. ఆ వ్యర్థమైన కాలము మరల రాదు. ఒకడు ఆర్పుటకును, ఒకడు వార్త పంపుటకును వెంటనే విడిపోవలెను. అగ్నిమాపక దళమునకు నంబరు 101. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములకన్నిటికిని ఉమ్మడి నంబరు 112. గాయపడినవారికి 108, ఇది మన రాష్ట్రమున 2005 లో మొదలైనది. రైలులోనున్నవారికి 139.

నంబరు తెలిసినంతనే వార్త పంపుట వచ్చినట్లు కాదు. “కాలిపోవుచున్నది, త్వరగా రండి” అని కేకవేసి రిసీవరు పెట్టివేయువారు ఎందఱో. ఎక్కడికి రావలెను? మొదట చెప్పవలసినది స్థలము. మాట నడుమ తెగిపోయినను స్థలము తెలిసిన బండి బయలుదేరగలదు. ఊరిపేరు ఒక్కటి చాలదు. ఒకే పేరుగల పల్లెలు మన జిల్లాలో నున్నవి గనుక మండలము చెప్పవలెను, తెలిసిన గుర్తు చెప్పవలెను. తరువాత ఏమి కాలుచున్నదో, లోపల మనుష్యులున్నారో లేదో, గ్యాసు సిలిండరులుగాని మందుసామగ్రిగాని యున్నవో చెప్పవలెను. పెద్దబండి పట్టుదారి ఏది? క్రిందికి వ్రేలాడు కరెంటు తీగలున్నవా? చివరకు నీరు ఎక్కడ దొరకును?

ఈ కడపటి ప్రశ్న మన సీమలో అన్నిటికంటె ముఖ్యము. సామాన్యమైన ఫైరింజను తొట్టిలో సుమారు 4,500 లీటర్ల నీరు పట్టును. పెద్ద నాజిల్ విప్పినచో అది పది నిమిషములలో ఖాళీయగును. నిండిన చెరువుల నాటు సీమలలో మరల నింపుకొనుట సులభము. వానలు తక్కువైన మన ప్రాంతమున చెరువు ఎండి, బావి అడుగంటి యుండవచ్చును. “పడమట తోటలో బోరున్నది, కరెంటున్నది, బండి దానియొద్దకు పోగలదు” అను ఒక్కమాట రెండవ ఫైరింజనుకంటె విలువైనది. అందుచే ప్రతి పల్లెవాడును తన యూరిలో వేసవియందుగూడ నీరుండు చోట్లను ఇప్పుడే తెలిసికొని యుంచవలెను.

వార్త విన్నవాడు దానిని తిరిగి చదివి వినిపించును. అది సరియని చెప్పిన పిదపనే టెలిఫోను విడువవలెను. కేంద్రమునందు కావలి కూర్చున్నవాడు వేళతోసహా పుస్తకమున వ్రాసికొనును. పిలిచినవాడు తరువాత ఇంటిలో దాగక, పెద్దరోడ్డున నిలిచి, పగలైనచో ఎఱ్ఱబట్ట, రాత్రియైనచో దీపము ఊపుచు బండికి దారి చూపవలెను. దీనికి బలము అక్కఱలేదు. పండ్రెండేండ్ల బాలుడు చాలును. ఊరిలోపల వార్త వ్యాపించుటకు పాతకాలపు దండోరా యిప్పటికిని పనికివచ్చును, ఏలయన రాత్రివేళ టెలిఫోనులు మూగగా నుంచువారు అనేకులు. మంటయొద్ద దళమువారు రేడియోమీదను, చేతిసంజ్ఞలతోను, ఈలతోను మాటలాడుదురు. వరుసగా చిన్న చిన్న ఈలలు వినబడినచో అర్థము ఒక్కటే: పని విడిచి అందఱును బయటికి రండి. చూడవచ్చిన జనము ఈలలు వేసి ఆటలాడరాదను నియమము ఇందుచేత నేర్పడినదే.

రైలులో పోవువారికి కొన్ని మాటలు. ఎక్కగానే తలుపులు ఏ ప్రక్కనున్నవో, ఎఱ్ఱగుర్తుగల అత్యవసరపు కిటికీ ఎక్కడనున్నదో చూచుకొని, మీ బల్లకు దానికి నడుమ ఎన్ని వరుసలున్నవో లెక్కపెట్టుకొనుడు. చీకటిలో ఆ లెక్కయే కన్ను. నడవలో మూటలు వేయరాదు. నిప్పు కనబడినచో గొలుసు లాగుడు. బండి వంతెనమీదగాని సొరంగములోగాని యున్నచో దాటనిచ్చి లాగుట మేలు. ప్రక్క పెట్టెలోనికి పోయి నడుమ తలుపు మూయుడు. స్టౌ, కిరసనాయిలు, టపాకాయలు రైలులో తీసికొనిపోవుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము. బస్సులోనైనను ఇట్టి జాగ్రత్తయే. 2013 అక్టోబరు 30 వ తేదీన బెంగుళూరునుండి మన పెనుకొండప్రక్క హెచ్చుదారిమీదుగా హైదరాబాదునకు పోవుచున్న బస్సు మహబూబునగరము జిల్లా పాలెమునొద్ద కాలిపోయి 45 మంది మరణించిరి. కిటికీ అద్దమును పగులగొట్టుటకు సుత్తి ఎక్కడ తగిలించియున్నదో కూర్చుండకమునుపే చూచుకొనుడు. అద్దమును నడుమ కొట్టరాదు, మూలను కొట్టవలెను.

మన పాఠశాల మాట. 2004 జూలై 16 వ తేదీన తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాలలో వంటనిప్పు ఆకుల కప్పునకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించిరి. ఈ సంఖ్యను చదివి దాటిపోవుట కష్టము; మనకు రెండు పెద్ద తరగతులు అంతమంది యుందురు. ఆ దుర్ఘటన పిమ్మట పాఠశాలలలో ఆకుల కప్పులు తొలగించుటకు ప్రభుత్వములు పూనుకొనెను. కప్పు మారినంతమాత్రమున పని ముగియదు. ప్రతి తరగతికి బయటికి పోవు దారియొకటి, అది మూసికొనిపోయినచో మఱియొకటి నిర్ణయించి, ఆటస్థలములో తరగతివారీగా నిలుచు చోటు ఏర్పఱచవలెను. గంట సామాన్యముగా కొట్టు విధమున గాక, ఆపక కొట్టవలెను. ఉపాధ్యాయుడు హాజరుపట్టికను చంకన బెట్టుకొని కడపట బయటికి వచ్చి, ఆటస్థలములో పేరుపేరున పిలువవలెను. ఆ పట్టికయే దళమువారి బిళ్లబోర్డు వంటిది. ఒక పేరునకు ఉత్తరము రానిచో ఆ పేరు దళనాయకునికి చెప్పవలెనేగాని బాలురను లోపలికి పంపరాదు. మరచిన పుస్తకములకై, చెప్పులకై ఎవ్వరును వెనుకకు పోరాదు.

పై తరగతులవారినుండి పండ్రెండుగురిని ఎన్నుకొని ఒక చిన్న దళముగా నేర్పఱచుట మంచిదని మా సూచన. నలుగురు ఇసుకబకెట్లకును నీటికుండలకును, ఇద్దరు మెయిన్ స్విచ్చికిని గ్యాసునకును, ఇద్దరు వార్తకు, ఇద్దరు చిన్నపిల్లలను చేయిపట్టి నడిపించుటకు, ఒకడు గేటు తెఱచి బండికి దారిచూపుటకు, ఒకడు నాయకుడు. నడువలేని తోడిపిల్లలుండినచో వారికి ప్రత్యేకముగా ఇద్దరిని ముందే నియమింపవలెను. బకెట్లలోని ఇసుక తడిసి గట్టిపడకుండునట్లు వారమునకొకమారు కదపవలెను. ఎఱ్ఱని మందుసిలిండరు గోడకు అలంకారముగా వ్రేలాడుట మేము ఎన్నో కార్యాలయములలో చూచినాము. దాని ముల్లు ఆకుపచ్చగీతలో నున్నదో లేదో చూచువాడు కనబడడు. దానిని వాడు విధము ఇంతే: సూదిని లాగి, మూతిని మంట మొదటికి గురిపెట్టి, పిడిని నొక్కి, చీపురుతో ఊడ్చినట్లు ఇరుప్రక్కలకు త్రిప్పుట. వెనుకవైపు మన బయటిదారి యుండవలెను. పొడి కొన్ని క్షణములే వచ్చును. అంతలో లొంగని మంటను విడిచి బయటికి పోవలెను.

నెలకొక డ్రిల్లు చాలును. ఒకమారు ముందుగా చెప్పి, మఱియొకమారు చెప్పక చేయించవలెను. గడియారముతో లెక్కించి, ప్రతి మారు ఎన్ని నిమిషములైనదో నోటీసుబోర్డుమీద వ్రాయవలెను. బాలురు పరుగెత్తినచో ఆ డ్రిల్లు చెడినట్లు లెక్క. నడచుట వేగమునకు విరుద్ధము కాదు, మెట్లమీద ఒకడు పడినచో వెనుక నలువదిమంది ఆగుదురు.

మంట ఆరిన తరువాత దళనాయకుడు కేంద్రమునకు ఒక చిన్న వార్త పంపును. దానికి వారి భాషలో స్టాపు మెసేజి అని పేరు. ఇక క్రొత్తబండ్లు అక్కఱలేదని దాని యర్థము. అయినను దళమువారు వెంటనే పోరు. కాలిన దూలములను త్రిప్పి చూచుచు, బూడిదను కెలకుచు, పొగ వచ్చినచోట నీరు చల్లుచు చాలసేపు తిరుగుదురు. వామి కాలినప్పుడు వారు పోయిన పిమ్మట ఆ రాత్రి ఊరివారు ఇద్దరు ఒక కడవనీటితో దానియొద్ద కావలి పడుకొనక కూర్చుండవలెను.